రెండో కృష్ణుడు: మా ఇంట్లో మూడు సీజన్లున్న షార్ట్‌స్టాప్

2017 మార్చిలో ఒకరోజు మా అబ్బాయి స్కూల్ నుంచి వస్తూనే, "అమ్మా, మన బేస్‌మెంట్ గది ఖాళీగానే ఉంది కదా, ఒక బేస్‌బాల్ ప్లేయర్‌కి ఇద్దామా?" అని అడిగాడు. వాడి స్నేహితుడి ఇంట్లో అప్పటికే ఒక పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, ఉంటున్నాడట. ఆటగాళ్లను ఇంట్లో ఉంచుకునే కుటుంబాల కోసం జట్టువాళ్లు ఇంకా చూస్తున్నారట. వాడికప్పుడు పన్నెండేళ్లు. ఆ వయసులో కుక్కపిల్లను అడిగినట్టే అడిగాడు.

మేముండేది న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌వాటర్‌లో. తెలుగువాళ్లకు ఈ ఊరు బాలాజీ గుడి వల్ల తెలుసు. ఆ గుడి నుంచి కారులో పది పదిహేను నిమిషాలు వెళ్తే, రైలు స్టేషన్ పక్కన, 1999లో కట్టిన బేస్‌బాల్ స్టేడియం ఉంది. సోమర్‌సెట్ పేట్రియట్స్ అనే జట్టు అక్కడ ఆడుతుంది. ఏళ్ల తరబడి ఆ పక్కనుంచి గుడికి వెళ్లివస్తూనే ఉన్నాం కానీ లోపలికి వెళ్లింది ఒక్కసారే. అదీ బాణాసంచా చూడ్డానికి.

ముందు మావారు ఒప్పుకోలేదు. ఆడపిల్ల ఉన్న ఇల్లు, ముక్కూ మొహం తెలియని మగపిల్లాణ్ని ఎలా పెట్టుకుంటాం అన్నారు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ భయం నాకూ ఉంది. కానీ ప్రతి వేసవీ మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు మాతోనే ఉంటుంది, ఇంట్లో ఎప్పుడూ ఒక పెద్ద మనిషి ఉంటుందన్న ధైర్యంతో సరే అన్నాం. ఒకాయన ఇంటికొచ్చి గది, బాత్రూమ్ చూసి వెళ్లారు. మేమివ్వాల్సింది మంచం, స్నానానికి చోటు, ఫ్రిజ్‌లో ఒక అర, ఇంటి తాళం చెవి. అద్దె ఉండదు. బదులుగా మాకు టికెట్లు ఇస్తారు. భోజనం పెట్టాలన్న నియమం లేదు. ఆ సంగతి అమ్మకు చెప్పినప్పుడు, "ఇంట్లో ఉన్న పిల్లాడికి అన్నం పెట్టకుండా ఎట్లా ఉంటామే?" అంది. ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

ఏప్రిల్‌లో ఇండియానా నంబర్ ప్లేటున్న పాత కారొకటి మా ఇంటి ముందు ఆగింది. 28 ఏళ్ల కుర్రాడు. మరీ పొడుగు కాదు, సన్నగా, ఎండకు కమిలిన మెడ. వెనక సీటు నిండా బ్యాట్లు, బూట్లు, ఒక మైక్రోవేవ్. అమ్మ గుమ్మంలోనే నిలబడి, "రా బాబూ, కూర్చో బాబూ, మంచినీళ్లు తాగు బాబూ" అంది. వారం తర్వాత మా అమ్మాయిని అడిగాడట, నన్ను మీ అమ్మమ్మ బాబు అని ఎందుకు పిలుస్తుంది అని. పిల్లలకు అలా అంటారని అది చెప్పింది. అంతే, మా ఇంట్లో అతని పేరు బాబు. మెసేజ్‌ల కింద కూడా అలాగే రాసేవాడు. ఇక్కడా ఆ పేరే రాస్తాను. అమ్మ అతనికి వరసలు నేర్పింది. ఆమెను అమ్మమ్మ అనాలి, నన్ను అక్క అనాలి, మావారిని బావగారు అనాలి. మొదటి రెండూ బాగానే వచ్చాయి. మూడోది పలకడానికి ఒక సీజన్ పట్టింది.

ఆట సంగతి కొంత చెప్పకపోతే తర్వాత నేను రాసేది అర్థం కాదు. టీవీలో కనిపించే ముప్పై పెద్ద జట్లది మేజర్ లీగ్. ప్రతి జట్టు కిందా మెట్లు మెట్లుగా చిన్న జట్లుంటాయి. అడుగున రూకీ, పైన ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. అవన్నీ మైనర్ లీగ్. ఈ మెట్లకు పక్కగా, ఏ పెద్ద జట్టుకూ చెందని ఇండిపెండెంట్ లీగ్‌లు ఉంటాయి. పేట్రియట్స్ అప్పట్లో ఆడిన అట్లాంటిక్ లీగ్ అలాంటిది. మేజర్ లీగ్‌లో ఆడి వచ్చినవాళ్లు కూడా మళ్లీ ఎవరి కళ్లలోనైనా పడాలని అందులో ఆడేవారు. మెట్ల మీద నుంచి పడ్డవాళ్లు మళ్లీ ఎక్కే చోటు అది. మా బాబు అలా పడి వచ్చినవాడే.

పెద్ద జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతను 2011లో ఎంపికయ్యాడు. అప్పట్లో డ్రాఫ్ట్ 50 రౌండ్లు నడిచేది. ముందు రౌండ్లలో వెళ్లినవాళ్లకు లక్షల డాలర్లు, కొందరికి మిలియన్లు ముట్టేవి. ముప్పై దాటిన రౌండ్లలో, అదీ కాలేజీ నాలుగేళ్లూ పూర్తి చేసి ఇక వెళ్లడానికి వేరే చోటు లేనివాడికి బేరమాడే బలం ఉండదు. సంతకం పెట్టినందుకు బాబుకి వచ్చింది వెయ్యి డాలర్లు. మొదటి ఏడాది జీతం నెలకు 1,100 డాలర్లు, అదీ సీజన్ నడిచే నెలలకే. వసంతంలో ఫ్లోరిడాలో క్యాంప్ ఉండేది. పొద్దున ఆరింటికి వెళ్లి మధ్యాహ్నం దాకా పనిచేయాలి, అప్పట్లో జీతం మాత్రం ఉండేది కాదు. పడుకోవడానికి చోటు, తిండికి కొంత డబ్బు, అంతే. ఆరుగురు కుర్రాళ్లు కలిసి రెండు గదుల అపార్ట్‌మెంట్ తీసుకుని, నేలమీద గాలి పరుపులు వేసుకుని పడుకున్న సీజన్ గురించి అతను చాలా మామూలుగా చెప్పాడు. చలికాలంలో గోడౌన్‌లో పెట్టెలు మోశాడు, స్కూళ్లలో సెలవు పెట్టిన టీచర్ల బదులు పాఠాలు చెప్పాడు, చిన్నపిల్లలకు గంటల లెక్కన ఆట నేర్పాడు.

అయిదేళ్లలో డబుల్-ఎ దాకా ఎక్కాడు. ట్రిపుల్-ఎలో కూడా కొన్ని వారాలు ఆడాడు. అక్కడి షార్ట్‌స్టాప్‌కి (బ్యాటర్ పరుగు కోసం వరసగా తాకాల్సిన బేస్‌లలో రెండోదానికీ మూడోదానికీ మధ్య నిలబడే ఫీల్డర్) దెబ్బ తగిలితే పిలిచారు, ఆ కుర్రాడికి నయం కాగానే మళ్లీ కిందికి పంపారు. అలా పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరిగాడో అతనికే లెక్క లేదు. ఫీల్డింగ్‌లో వేలు పెట్టడానికి లేదు, బ్యాటింగే అంతంతమాత్రం. ఏ జట్టుకైనా ఇలాంటివాళ్లు కావాలి. పెద్ద డబ్బు పోసి తెచ్చుకున్న పిల్లలు రోజూ ఆడాలంటే మిగతా స్థానాలు నిండాలి కదా. పదహారేళ్లకే డొమినికన్ రిపబ్లిక్ నుంచి సంతకం చేయించి తెచ్చిన ఒక కుర్రాడికి, డబుల్ ప్లేలో, అంటే ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసేటప్పుడు, సెకండ్ బేస్ దగ్గర కాళ్లు ఎలా మార్చాలో బాబు రెండు నెలలు కూర్చోబెట్టి నేర్పాడు. ఆ మరుసటి ఏడు ఆ కుర్రాడు బాబు స్థానంలో ఆడాడు. ఇది చెప్పినప్పుడు నాకే కడుపు మండింది. బాబు ముఖంలో మాత్రం కోపం లేదు. "వాడి చేతులు చాలా మంచివి అక్కా" అన్నాడు.

ఇవన్నీ నేను అమ్మకు తెలుగులో చెబుతుంటే ఆమె కాసేపు ఊరుకుని, "మా నాన్న కథే" అంది.

మా తాతయ్య పద్యనాటకాలు ఆడేవాడు. ఆ నాటకాల్లో ఒకే రాత్రి కృష్ణుడి వేషం ఒక్కరే కట్టరు, ఒక్కో ఘట్టానికి ఒక్కో కృష్ణుడు వస్తాడు. పేరున్న నటుడు ఒకటో కృష్ణుడు. జనం ఆయన కోసమే బళ్లు కట్టుకుని వస్తారు. మా తాతయ్య ఎప్పుడూ రెండో కృష్ణుడే. పద్యం బాగా పాడేవాడు, శ్రుతీ తాళం తప్పేవాడు కాదు, గొంతులో మాత్రం ఆ ఖంగుమనే బలం లేదు. ఒకటో కృష్ణుడి బస్సు తప్పిపోతే ఆ వేషమూ తాతయ్యే కట్టేవాడు. మరుసటి రాత్రి మళ్లీ తన వేషమే. ముప్పై ఏళ్లు ఊరూరూ తిరిగాడు. అమ్మ చెప్పింది నేను బాబుకి ఇంగ్లీషులో చెప్పాను. అతను చాలా ప్రశ్నలు అడిగాడు. పగలు ఎక్కడ పడుకునేవాడు, డబ్బులు ముందిచ్చేవాళ్లా తర్వాతా, గొంతు పాడవకుండా ఏం తినేవాడు. ఆ రాత్రి నుంచి వాళ్లిద్దరూ ఒక వృత్తివాళ్లలాగే మాట్లాడుకునేవారు, మధ్యలో నేనో పిల్లలో ఉండి అటూ ఇటూ చెప్పేవాళ్లం.

ఇంటి దినచర్య అతని చుట్టూ మారిపోయింది. రాత్రి ఏడు దాటాక ఆట మొదలవుతుంది కానీ అతను మధ్యాహ్నం ఒంటిగంటకే బయల్దేరేవాడు. తిరిగొచ్చేసరికి పదకొండు. అమ్మ మెలకువగా ఉండి పెసరట్టో ఉప్మానో వేసేది, చివర్లో పెరుగన్నం తప్పనిసరి. ఆ మొదటి సీజన్‌లో 140 ఆటలు. సగం ఇక్కడ, మిగతా సగం బస్సులో తిరిగి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్, యార్క్, న్యూయార్క్ వైపు లాంగ్ ఐలండ్, మేరీలాండ్. టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో కూడా అప్పుడు ఒక జట్టుండేది. అక్కడ మా పెదనాన్న కూతురు ఉంటుంది. జట్టు వెళ్లినప్పుడు స్టేడియానికి పులిహోర పట్టుకెళ్లి ఇచ్చింది. ఇద్దరికీ పరిచయం లేదు. "మా అక్క చెల్లెలు" అని తోటివాళ్లకు చెప్పాడట.

మొదట్లో నాకు ఆట ఏమీ తెలిసేది కాదు, అతనొక్కణ్నే చూసేదాన్ని. అదే మేలైంది. షార్ట్‌స్టాప్‌ను చూడాలంటే బంతి అతని దగ్గర లేనప్పుడు చూడాలి. సెకండ్ బేస్‌కూ థర్డ్ బేస్‌కూ మధ్య నిలబడతాడు. కుడిచేతి బ్యాటర్లే ఎక్కువ కాబట్టి నేలబంతులు ఎక్కువగా అటే వస్తాయి. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ పిచ్చర్‌కి అప్పట్లో ఇచ్చే వేళ్ల సంజ్ఞ అక్కణ్నుంచి కనబడేది. ఏ బంతి వేయబోతున్నాడో చూసి, అది బ్యాట్‌కు తగిలితే ఎటు పోవచ్చో లెక్కగట్టి, అర అడుగు జరుగుతాడు. బ్యాటర్‌కు ముందే తెలిసిపోకూడదు కాబట్టి బంతి చేయి వదిలే క్షణం దాకా కదలడు. రన్నర్ దొంగతనంగా సెకండ్ బేస్‌కు పరిగెత్తితే ఎవరు వెళ్లి కాయాలో సెకండ్ బేస్‌మన్‌తో ముందే అనుకోవాలి. అందుకు గ్లవ్ ముఖానికి అడ్డం పెట్టుకుని నోరు తెరిచో మూసో చూపిస్తారు. మూస్తే నేను, తెరిస్తే నువ్వు. ఇది తెలిశాక నేను ఆటంతా ఆ నోటివైపే చూసేదాన్ని.

బేస్ నుంచి బేస్‌కు 90 అడుగులు. కొట్టినవాడు ఫస్ట్ బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిల్లర పడుతుంది. ఆలోపల బంతి నేలమీద దొర్లుతూ రావాలి, ఇతను వెళ్లి అందుకోవాలి, గ్లవ్‌లోంచి చేతిలోకి తీసి మైదానం అడ్డంగా విసరాలి. థర్డ్ బేస్ వైపు లోతుగా వెళ్లి వెనక్కి తిప్పిన చేత్తో పట్టుకుంటే, ఆగి నిలదొక్కుకునే సమయం కూడా ఉండదు. మావారు చిన్నప్పుడు గుంటూరులో క్రికెట్ ఆడిన మనిషి, "పాయింట్‌లో ఫీల్డింగ్ లాంటిదే" అనేవారు. ఒకరోజు పెరట్లో బాబు కొట్టిన నాలుగు నేలబంతులు ఆపే ప్రయత్నం చేశాక ఆ మాట మళ్లీ అనలేదు. బాబు మా అబ్బాయికి పదేపదే చెప్పేది ఒకటే, "ముందు పాదాలు, తర్వాత చేతులు". బేస్‌మెంట్ గోడకు రబ్బరు బంతి కొట్టి పట్టుకునే చప్పుడు పొద్దున్నే పైకి వినబడేది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, ఒక్కోరోజు అరగంట. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనినే కొత్తగా నేర్చుకుంటున్నట్టు చేసేవాడు.

అతనికి మూడు గ్లవ్‌లు ఉండేవి. సెకండ్ బేస్‌కు కాస్త చిన్నది, థర్డ్ బేస్‌కు కాస్త పెద్దది, షార్ట్‌స్టాప్‌ది పదకొండున్నర అంగుళాలు. ఆ మూడోదాంట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. చేతి ఆకారం మారిపోతుందట. ఆ ఏడు వినాయక చవితి ఆగస్టు 25న వచ్చింది. పిల్లలు పుస్తకాలు తెచ్చి దేవుడి ముందు పెడుతుంటే బాబు మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. అమ్మ, "నీ పనిముట్టు కూడా తీసుకురా" అంది. అతను లోపలికి వెళ్లి ఆ గ్లవ్ తెచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, అది తోలు. పూజ దగ్గర తోలు పెట్టరు. చాలాసేపు ఆలోచించింది. బాబుకి విషయం అర్థం కాక గ్లవ్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మృదంగానిదీ తోలే కదా" అని తనకు తానే చెప్పుకుని, విడిగా ఒక పీట వేసి, దానిమీద పెట్టించి, అక్షతలు వేసింది. కుంకుమ మాత్రం పెట్టనివ్వలేదు అతను. మరక పడుతుందని కాదట, తడి తగిలితే తోలు బిగుసుకుంటుందని. "పనివాడికి తెలుస్తుంది" అని అమ్మ ఒప్పుకుంది.

2018లోనూ బాబు మా ఇంటికే వచ్చాడు. ఆ ఏడాది బాగా ఆడాడు. బ్యాట్ కూడా పలికింది. జూలై నెలాఖరులో ఒక మధ్యాహ్నం పైకొచ్చి, ఒక పెద్ద జట్టు తన కాంట్రాక్ట్ కొనుక్కుందని, మర్నాటికల్లా వాళ్ల ట్రిపుల్-ఎ జట్టులో ఉండాలని చెప్పాడు. మూడు గంటల్లో గది ఖాళీ చేశాడు. అమ్మ దారిలో తినడానికి చపాతీలు చుట్టి ఇచ్చి, గుమ్మంలో ఎదురొచ్చి సాగనంపింది. కారు మలుపు తిరిగాక పిల్లలిద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాతి అయిదు వారాలు మాకు ఇంట్లో పరీక్షల సీజన్‌లా ఉండేది. అప్పటి నిబంధన ప్రకారం మేజర్ లీగ్ జట్టులో 25 మంది ఉంటారు, సెప్టెంబరు 1 నుంచి మాత్రం అదనంగా కొందర్ని పైకి పిలుచుకోవచ్చు. పై జట్టులో ఇద్దరు ఇన్‌ఫీల్డర్లకు, అంటే బేస్‌ల దగ్గర ఆడేవాళ్లకు, దెబ్బలు తగిలాయి. ఆ ఏడాది మేజర్ లీగ్‌లో కనీస జీతం 5,45,000 డాలర్లు. రోజుకు లెక్కేస్తే 2,900 పైమాటే. అంటే మొదటి ఏడాది రెండున్నర నెలల జీతం ఒక్కరోజులో. అక్కడ 43 రోజులుంటే పెన్షన్ హక్కు వస్తుంది. బాబు ఈ అంకెలు ఎప్పుడూ ఎత్తలేదు, మావారే వెతికి చెప్పారు. బాబు అన్నది ఒకటే, "ఒక్క ఇన్నింగ్స్ నిలబడితే చాలు".

ఒక చిక్కుంది. పైకి వెళ్లాలంటే 40 మంది జాబితాలో పేరుండాలి. బాబు పేరు లేదు. అతన్ని చేర్చాలంటే ఆ నలభై మందిలో ఒకర్ని తీసేయాలి, తీసేసినవాణ్ని వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు. నెల రోజుల కోసం, 29 ఏళ్ల కుర్రాడి కోసం ఎవరూ అంత సాహసం చేయరు. ఇదంతా అతనికి మాకన్నా బాగా తెలుసు. అయినా ఆగస్టు 31 రాత్రి బ్యాగు సర్దుకునే పడుకున్నాడట. పొద్దున నేను ఫోన్ చేయలేదు, చేస్తే అదే పిలుపనుకుంటాడేమో అని. మధ్యాహ్నం అతనే చేశాడు. "వేరే అబ్బాయిని పిలిచారు అక్కా. జాబితాలో ఉన్నవాడు. మంచివాడు." అటువైపు క్లబ్‌హౌస్ చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఆ రాత్రి ఆటలో రెండు డబుల్ ప్లేలు తిప్పాడని తర్వాత స్కోర్‌కార్డులో చూశాను. రెండు రోజులకు ట్రిపుల్-ఎ సీజన్ అయిపోయింది.

2019 వసంతంలో ఒక క్యాంప్‌కి పిలిచారు, మార్చి చివర్లో తీసేశారు. పొద్దున లాకర్ దగ్గరికి ఒకరొచ్చి ఆఫీసుకు రమ్మంటే దాని అర్థం అందరికీ తెలుసు. రమ్మన్న గదిలో నాలుగు నిమిషాలు కూడా పట్టలేదట. ఏప్రిల్‌లో మళ్లీ ఆ కారు మా ఇంటి ముందు ఆగింది. ఈసారి మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టుకుని దిగడం చూశాను.

ఆ ఏడాది అట్లాంటిక్ లీగ్‌లో మేజర్ లీగ్ తరఫున కొత్త నిబంధనలు పరీక్షించారు. సెకండ్ బేస్‌కు రెండు వైపులా ఇద్దరిద్దరు ఇన్‌ఫీల్డర్లు ఉండి తీరాలన్నది ఒకటి. వేసిన బంతి హద్దులో ఉందో (స్ట్రైక్) లేదో (బాల్) యంత్రం లెక్కగట్టి అంపైర్ చెవిలో చెప్పడం మరొకటి. మొదటిది 2023లో మేజర్ లీగ్‌లోకే వచ్చింది. బాబుకి అది బాగా నచ్చింది. షార్ట్‌స్టాప్‌కు మళ్లీ తన చోటు తనకొచ్చింది, కాళ్లకు పని తగిలింది అన్నాడు. కానీ ఆ చోటు అప్పటికి అతనిది కాదు. ఇరవై మూడేళ్ల కుర్రాడు షార్ట్‌స్టాప్ ఆడుతున్నాడు. బాబు ఒకరోజు సెకండ్, ఒకరోజు థర్డ్, ఒకరోజు బెంచీ. ఆట ముందు మాత్రం ఆ కుర్రాడితో కలిసి కోచ్ కొట్టే నేలబంతులు షార్ట్‌స్టాప్ దగ్గరే పట్టేవాడు.

సెప్టెంబరులో ఒక మామూలు రాత్రి, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అతన్ని షార్ట్‌స్టాప్‌కు జరిపారు. నేనూ మా అమ్మాయీ మాత్రమే వెళ్లాం. కుడివైపు రెండడుగులు వెళ్లి అందుకోవాల్సిన బంతి ఒకటి వచ్చింది. వెళ్లాడు, పట్టాడు, విసిరాడు, అవుట్. అలాంటివి అతను వేలల్లో పట్టి ఉంటాడు. ఎవరూ పెద్దగా చప్పట్లు కొట్టలేదు. అతను ఆ స్థానంలో పట్టగా నేను చూసిన ఆఖరి బంతి అది. 2020లో కరోనా వల్ల మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయింది, అట్లాంటిక్ లీగ్ కూడా. ఆ జూలైలో ఇండియానా నుంచి ఫోన్ చేసి, ఒక చిన్న కాలేజీలో ఇన్‌ఫీల్డ్ కోచ్ ఉద్యోగం ఒప్పుకున్నానని చెప్పాడు. "ఇంక ఆడను" అన్న మాట అతనూ అనలేదు, నేనూ అడగలేదు.

తర్వాత మా ఊరి జట్టు స్థితి మారింది. 2021లో పేట్రియట్స్ న్యూయార్క్ యాంకీస్‌కు డబుల్-ఎ జట్టయింది. 2022 నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్లకు పెద్ద జట్లే ఇల్లు చూపించాలన్న నియమం వచ్చింది. బేస్‌మెంట్ గది ఖాళీ అయినందుకు దిగులుగానే ఉంది కానీ, ఆ నియమం పదేళ్ల ముందు రావాల్సింది. అదే ఏడాది ఆటగాళ్లు యూనియన్‌లో చేరారు. 2023 ఒప్పందంతో ట్రిపుల్-ఎ కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్ల నుంచి 35,800కు పెరిగింది. మా బాబు ఆడిన రోజుల్లో ఇవేవీ లేవు.

గుడిలో తెలిసినవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, "మీ ఇంట్లో ఉండే అబ్బాయి చివరికి పెద్ద లీగ్‌కి వెళ్లాడా?" అని. లేదు అంటే, అయ్యో అని జాలిపడతారు. ఆ జాలి నాకు కష్టంగా ఉంటుంది. తొమ్మిది సీజన్లు ఒక మనిషి రోజూ తన పనికి వెళ్లాడు, ఆ పని లోకంలో బాగా చేయగలిగినవాళ్లు కొన్ని వందల మందే ఉంటారు, వాళ్లలో అతనొకడు. మా తాతయ్యను ఎవరూ "ఒకటో కృష్ణుడు కాలేదా, అయ్యో" అనలేదని అమ్మ అంటుంది. ఆయన పద్యం ఎలా ఉండేదో చెప్పుకునేవారట.

2023 జూలైలో నిమ్మల అర్జున్ అనే ఫ్లోరిడా కుర్రాణ్ని టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండ్‌లో, 20వ స్థానంలో ఎంపిక చేసుకుంది. ఇంటిపేరు చూడగానే మావారు గట్టిగా కేకవేశారు. పైగా షార్ట్‌స్టాప్. బాబుకి ఫోన్ చేస్తే అతను అప్పటికే వీడియోలు చూసేశాడు. పావుగంట ఆ పిల్లాడి పాదాల గురించే మాట్లాడాడు.

ఇంకొక్కటి చెప్పాలి. జీతం లేని వసంత క్యాంపుల మీద, ఇంకా అలాంటి బకాయిల మీద మైనర్ లీగ్ ఆటగాళ్లు 2014లో కేసు వేశారు. ఎనిమిదేళ్లు నడిచింది. 2022లో మేజర్ లీగ్ 18.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. చాలా నెలల తర్వాత ఒక కవరు మా ఇంటికొచ్చింది, బాబు పేరు మీద. అన్నేళ్లలో అతను అన్ని ఊళ్లు మారాడు, ఎక్కువ కాలం నిలిచిన చిరునామా మాదే. తెరవమన్నాడు. చెక్కు మీది అంకె చదివాను. కారు మరమ్మతుకు సరిపోయేంత. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "2013 మార్చి, 2014 మార్చి, 2015 మార్చి..." అని క్యాంపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.

అమ్మ అప్పుడు తెనాలిలో ఉంది. రాత్రి వీడియో కాల్‌లో చెప్పాను. ఎంతిచ్చారు, ఎన్నాళ్లకిచ్చారు, అడిగింది ఎవరు అని అన్నీ విడివిడిగా అడిగింది. అందరూ కలిసి అడిగితే ఇచ్చారని చెప్పాను.

"పోన్లే, బాబుకి ఇచ్చారు" అంది. "మా నాన్నకు రేపల్లె కాంట్రాక్టరు రెండు రాత్రుల డబ్బులు ఇంకా ఇవ్వాలి."